రద్దయినదా, రూపుమాసినదా?

కొన్నేళ్ళ క్రితం ఏడవ తరగతి పిల్లల కోసం ఉద్దేశించిన ఒక సాంఘికశాస్త్ర వాచకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసే పని నాకు అప్పగించారు. కథలూ నవలలూ అనువదించడానికి అలవాటుపడిన చేతికి అది తేలికైన పని అనుకున్నాను. నదులు, పంటలు, మొగలాయి చక్రవర్తులు, గ్రామ పంచాయతీ, ప్రాథమిక హక్కులు... వీటిలో కవిత్వమేమున్నది కనుక, మాట కోసం తడుముకోవడానికి? పుస్తకం మూడువంతులు పూర్తయ్యేదాకా నా అభిప్రాయం మారలేదు. అప్పుడు హక్కుల పాఠంలో ఒక చిన్న వాక్యం ఎదురయింది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అస్పృశ్యతను ఏమి చేసిందో చెప్పే వాక్యమది. ఇంగ్లీషులో 'అబాలిష్డ్' అని ఉన్నది.

'రద్దయింది' అని రాద్దామనుకున్నాను. రద్దు అనగానే వానలకు రద్దయిన రైళ్ళు, ప్రశ్నపత్రం బయటపడి రద్దయిన పరీక్షలు కళ్ళముందు మెదిలాయి. అంత గొప్ప సందర్భానికి ఆ మాట చాలదనిపించింది. 'నిషేధించబడింది' అందామంటే మద్యనిషేధం అడ్డువచ్చింది. 1995లో ఆంధ్రదేశంలో అట్టహాసంగా వచ్చి 1997 నాటికి సడలిపోయిన ఆ నిషేధం సంగతి ఎరగనివారెవరు? చివరకు 'నిర్మూలించబడింది' అని రాశాను. వేరుతో సహా పెకలించివేయడమని కదా ఆ మాటకు అర్థం! చెవికి నిండుగా ఉన్నది, పాఠానికి గౌరవంగా ఉన్నది. పరిశీలకులు నా వ్రాతప్రతిలో వత్తులూ దీర్ఘాలూ సవరించారు గాని, ఈ మాట జోలికి ఎవరూ పోలేదు. పుస్తకం అచ్చయింది. నేను మళ్ళీ నా నవలల్లో పడిపోయాను.

మా చెల్లెలు ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతుంది. నిరుడు మిరపకోతల రోజుల్లో, నాలుగు రోజులు ఉండివద్దామని వాళ్ళ ఊరు వెళ్ళాను. "నువ్వు తెలుగు చేసిన పాఠమే రేపు చెప్పబోతున్నాను, వచ్చి వినరాదా అన్నయ్యా?" అన్నది. తమ రాతను ఎవరైనా పైకి చదువుతుంటే వినాలనే చాపల్యం రచయితలకే కాదు, అనువాదకులకూ ఉంటుంది. వెళ్ళి చివరి బెంచీ మీద కూర్చున్నాను.

నలభైమందికి పైగా పిల్లలు. పన్నెండు, పదమూడేళ్ళవాళ్ళు. మా చెల్లెలు పాఠం చదివి, ముఖ్యమైన వాక్యాలు నల్లబల్ల మీద రాసి, పిల్లలచేత చెప్పించింది. "అస్పృశ్యత నిర్మూలించబడింది" అని తరగతి తరగతంతా ఒక్క గొంతుతో పలికినప్పుడు నాకు ఒళ్ళు పులకరించిన మాట నిజం. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మూడవ వరుసలోనుంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"నిర్మూలించడమంటే ఏంటండీ టీచర్?"

"లేకుండా చేయడం."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "మా అమ్మ మిరపకాయల కోతకెళ్తే, దప్పికైనప్పుడు చెంబు చేతికివ్వరండీ. దోసిలి పట్టమని పైనుంచి పోస్తారు. సెలవుల్లో నేనూ ఎళ్ళి అట్టాగే తాగాను. మరి అది ఉన్నట్టా, లేనట్టా అండీ?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. లెక్క తేలనప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న వంటిదే అది. అయినా గదిలో చప్పుడు ఆగిపోయింది. కొందరు పిల్లలు రెండవ బెంచీలోని ఒక కుర్రవాడివైపు చూశారు. ఆ కోత ఎవరి చేలోనో వాళ్ళకు తెలుసు. ఆ కుర్రవాడు తలవంచుకొని పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాడు. మా చెల్లెలు ఒక క్షణం తటపటాయించి, "పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమ్మా, మిగతాది తరవాత మాట్లాడుకుందాం" అన్నది. గంట కొట్టారు.

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. మరో పదిహేను రోజుల్లో పాఠాలన్నీ ముగించాలి. గదిలో రెండు పక్షాల పిల్లలూ ఉన్నారు. ఏమన్నా సాయంత్రానికల్లా ఊళ్ళో పాకుతుంది. అయినా ఆ నలభై నిమిషాల్లో ఆ పిల్లలు నేర్చుకున్నదేమిటని ఆలోచిస్తే మనసు కలుక్కుమన్నది. కంటితో చూసినది ఒకటి, కాగితం మీద రాయవలసినది మరొకటి, మార్కులు రెండవదానికే పడతాయి అని ఆ అమ్మాయి నేర్చుకున్నది. తాను జవాబు చెప్పనవసరం లేదనీ, పుస్తకం తన పక్షాన ఉన్నదనీ ఆ కుర్రవాడు నేర్చుకున్నాడు. అతని తరపున సాక్ష్యం చెప్పినది నేను ఏరి కూర్చిన క్రియాపదం!

విలువలు బోధించడానికి నీతిపాఠాలు కావాలని మనవాళ్ళు తరచు అంటూ ఉంటారు. ఆ నీతిపాఠాలలో సత్యం పలకమని ఉంటుంది. కాని పన్నెండేళ్ళ పిల్లకు సత్యంతో ఏమి చేయాలో నేర్పేది సాంఘికశాస్త్రం గంట. లెక్కల్లోనూ విజ్ఞానశాస్త్రంలోనూ పుస్తకంలోని మాటకూ పిల్లవాడి అనుభవానికీ పొత్తు కుదరకపోతే ప్రయోగం చేసి చూడమంటాం. తన ఊరు, తన వీధి, తన ఇల్లు గురించిన పాఠంలో ఆ పొత్తు కుదరనప్పుడు మాత్రం, అనుభవాన్ని ఇంటిదగ్గర వదిలి రమ్మంటాం.

ఆ రాత్రి మా చెల్లెలి బల్ల మీదున్న రాజ్యాంగం తీసి 17వ అధికరణం మళ్ళీ చదివాను. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాణ్ణి, వాక్యాన్ని అంగుళం అంగుళం పరీక్షించడం నా వృత్తి. అయినా అనువదించేనాడు ఆ మూల వాక్యాన్ని పూర్తిగా చదవలేదని అప్పుడు తెలిసింది. వాచకం రాసినవారు మొదటి ముక్క మాత్రమే తీసుకున్నారు, నేను దానినే తెలుగు చేశాను. అసలు అధికరణం అక్కడితో ఆగదు. అస్పృశ్యత రద్దయిందని చెప్పి, వెనువెంటనే దానిని ఏ రూపంలోనూ పాటించరాదంటుంది. దాని పేరుతో ఎవరి మీదనైనా అడ్డంకులు పెట్టడం చట్టప్రకారం శిక్షార్హమైన నేరమంటుంది. రూపుమాసిన దానిని పాటించవద్దని ఎవరైనా శాసిస్తారా? లేనిదానికి శిక్ష ఎందుకు? చట్టం దృష్టిలో దానికి విలువ లేకుండా చేశాం, లోకంలో మాత్రం అది ఇంకా ఉన్నది, కనుక జాగ్రత్త అని ఆ వాక్యమే చెబుతున్నది. నేను తేలికగా తీసిపారేసిన 'రద్దు' అనే మాటే సరి అయినది. రద్దు చేసేది కాగితం. నిర్మూలించవలసినవారు మనుషులు.

మరొక చిన్న విశేషం. ఇంగ్లీషు మూలంలో అస్పృశ్యత అనే పదం కొటేషన్ గుర్తుల నడుమ ఉంటుంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ పరిషత్తులో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు, ఆ పదానికి నిర్వచనం లేదే అని కె.టి. షా వంటి సభ్యులు అభ్యంతరం చెప్పారు. నిర్వచనం ఇవ్వకుండానే దానిని ఆమోదించారు. దాదాపు పదేళ్ళ తరవాత మైసూరు హైకోర్టు ఒక తీర్పులో ఆ కొటేషన్ గుర్తుల సంగతి ఎత్తి, నిఘంటువులోని అర్థం కాదు, ఈ దేశచరిత్రలో ఒక ఆచారంగా పెరిగిన దానినే ఆ పదం సూచిస్తున్నదని చెప్పింది. అంటురోగం వచ్చినవాణ్ణి దూరంగా ఉంచడం వేరు, దోసిట్లో నీళ్ళు పైనుంచి పోయడం వేరు అన్నమాట! ఆ చిన్న గుర్తుల్లో అంత చరిత్ర ఉన్నది. పాఠ్యపుస్తకాలలో వాటిని తీసేస్తాం, పిల్లలు తికమకపడతారని.

నిర్మూలన జరిగిపోయి ఉంటే తరవాతి చట్టాల అవసరమే ఉండదు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దానిని కఠినం చేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. అదీ చాలక 1989లో షెడ్యూల్డు కులాల, తెగల మీద అత్యాచారాలను నిరోధించే చట్టం చేశారు. దానికి నాలుగేళ్ళ ముందు, 1985 జూలైలో, ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర మొదలైన తగాదా ఆరుగురు దళితుల హత్యకు దారితీసిన సంగతి తెలుగు పాఠకులకు గుర్తుచేయనక్కరలేదు. అంతకు చాలా ముందే, 1927 మార్చిలో, అంబేద్కర్ వేలాదిమందితో మహద్ పట్టణంలోని చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగారు. చూడండి, అప్పుడూ నీళ్ళే, ఆ తరవాతా నీళ్ళే, ఆ పిల్ల ప్రశ్నలోనూ నీళ్ళే. మన పరీక్షల్లో మాత్రం 'మహద్ సత్యాగ్రహం ఏ సంవత్సరంలో జరిగింది?' అన్నంతవరకే అడుగుతాం. 1927 అని రాస్తే ఒక మార్కు.

ఇదంతా పల్లెటూళ్ళలో, అక్కడక్కడ మిగిలిన పాతకాలపు మకిలి అనేవారున్నారు. 2011, 2012 సంవత్సరాలలో జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి, అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం కలిసి దేశమంతటా 42 వేల కుటుంబాలను ప్రశ్నించాయి. తమ ఇంట్లో అంటరానితనం ఏదో ఒక రూపంలో పాటిస్తామని నూటికి 27 ఇళ్ళవారు చెప్పారు. ఇది అడిగినవారి ముందు తమంతట తాము ఒప్పుకున్నవారి లెక్క మాత్రమేనని గుర్తుంచుకోవాలి. టీ దుకాణాలలో రెండు గ్లాసుల పద్ధతి పోయిందని సంతోషించేవాళ్ళం. చాలాచోట్ల దాని బదులు కాగితపు కప్పులొచ్చాయి. ఒకసారి తాగి పారేసే కప్పు ఎవరు ముట్టుకుంటేనేం? ఆచారం మారకుండానే వస్తువు మారింది.

సాంఘికశాస్త్రం అనే పాఠ్యవిషయమే మన దేశంలో ఇంకా వయసు మీరనిది. అంతకుముందు ఉన్నది పౌరశాస్త్రం. విలియం లీ-వార్నర్ అనే ఇంగ్లీషు అధికారి 1897లో 'ది సిటిజన్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకం రాసి, మంచి పౌరుడు ఎలా ఉండాలో మన పిల్లలకు బోధించాడు. పౌరుడని పేరే గాని అతనికి కావలసినది అణకువ గల ప్రజ. స్వాతంత్ర్యం వచ్చాక, కర్నూలులో పుట్టిన డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1952లో ఏర్పడిన మాధ్యమిక విద్యా సంఘం, చరిత్రా భూగోళమూ పౌరశాస్త్రమూ విడివిడిగా కాక ఒకటిగా కలిపి, పిల్లవాడికి తన చుట్టూ ఉన్న సమాజం అర్థమయ్యేటట్టు బోధించాలన్నది. మంచి ఆలోచనే. అయితే మనవాళ్ళు మూడు పుస్తకాలను కలిపి కుట్టారు గాని, లీ-వార్నర్‌గారి అణకువను మాత్రం పోనివ్వలేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక ఆ సంగతి గుర్తించి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు పౌరశాస్త్రమనే పేరే తీసివేసి 'సాంఘిక, రాజకీయ జీవనం' అనే పుస్తకాలు తెచ్చింది.

ఆ పుస్తకాలలో ఆరవ తరగతిదానిలో ఒక భాగం నాకు చాలా ఇష్టం. అందులో అంబేద్కర్ తన తొమ్మిదవ ఏట, 1901లో జరిగిన ప్రయాణం గురించి తానే చెబుతారు. తండ్రి రమ్మని రాస్తే, అన్నతోనూ అక్క కొడుకుతోనూ కలిసి కొత్త బట్టలు వేసుకొని రైలెక్కుతాడు ఆ పిల్లవాడు. స్టేషనులో దింపుకోవడానికి ఎవరూ రారు. ముచ్చటగా ఉన్న పిల్లలను చూసి స్టేషనుమాస్టరు ఆదరంగా పలకరిస్తాడు. ఏ కులమని అడిగి, మహర్లమని వినగానే అతని ముఖం మారిపోతుంది. బండివాళ్ళెవరూ ఎక్కించుకోరు. చివరకు రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకుంటాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. దారిలో తిండి ఉన్నది గాని తాగడానికి నీళ్ళు పుట్టవు. ఈ పాఠంలో 'నిర్మూలన' లేదు, 'దురాచారం' లేదు, 'మనమందరం సమానం' లేదు. కొత్త బట్టలు, రైలు, ఎద్దుబండి, దాహం ఉన్నాయి. ఏ ఇంటి పిల్లవాడైనా ఆ బండిలో ఎక్కి కూర్చోగలడు. అగ్రకులపు పిల్లవాణ్ణి బోనులో నిలబెట్టకుండా, దళిత బాలికను పదిమంది జాలిచూపులకు గురిచేయకుండా ఆ సంగతి చెప్పడానికి నాకు తెలిసినంతలో అంతకంటె మంచి దారి లేదు. ఈ రెండవ చిక్కును తేలికగా తీసుకోకూడదు. 'అస్పృశ్యులు అనగా ఎవరు?' అనే ప్రశ్న తరగతిలో బిగ్గరగా చదివినప్పుడు, నలభైమందీ వెనక్కి తిరిగి నలుగురివైపు చూడడం వల్ల కలిగే గాయం ఏ సమానత్వపు పాఠంతోనూ మానదు.

పుస్తకం మారగానే బోధన మారిందనుకోవడం పొరపాటు. 2012 తరవాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సాంఘికశాస్త్ర పుస్తకాలలోనూ చర్చించండి, మీ పరిసరాలలో పరిశీలించండి అనే ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటివెంటే గైడ్లు వచ్చాయి. 'మీ ఊరి పెద్దలను అడిగి తెలుసుకోండి' అనే ప్రశ్నకు కూడా గైడులో అచ్చు వేసిన జవాబుంటుంది. ఎవరి ఊరి పెద్దలో తెలియదు! మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థవారు 1980లలో హోషంగాబాద్ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలల్లో కొత్త సాంఘికశాస్త్రం మొదలుపెట్టినప్పుడు, పిల్లలను పుస్తకం తెరిచి చూస్తూ పరీక్ష రాయనిచ్చారు. పరీక్ష మారకపోతే పాఠం మారదని వారు మొదటే గ్రహించారన్నమాట.

ఇక్కడ ఒక మిత్రుడి అభ్యంతరం చెప్పాలి. "పసిపిల్లల మనసుల్లో ఈ భేదాలు ఎందుకు ఎక్కిస్తారు? ఐకమత్యం నేర్పితే చాలదా?" అని అతని వాదన. అతను చెడ్డవాడు కాడు. ఐకమత్యం నేను మాత్రం వద్దంటానా? మన పాఠ్యపుస్తకాల మొదటి పుటలో కనిపించే జాతీయ ప్రతిజ్ఞ రాసినవారు తెలుగువారే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, విశాఖపట్నంలో ఖజానా శాఖ అధికారిగా ఉండగా 1962లో దానిని తెలుగులో రాశారు. అది అనువాదమై దేశమంతటికీ వెళ్ళింది. భారతీయులందరినీ తోబుట్టువులుగా భావిస్తామని పిల్లలు ప్రతి ఉదయం చేయి చాచి చెబుతారు. అయితే దోసిట్లో నీళ్ళు తాగిన పిల్లా, ఆ నీళ్ళు పోసిన ఇంటి పిల్లవాడూ ఒకే వరుసలో నిలబడి ఆ మాటలంటున్నారు. భేదం మనం ఎక్కించనక్కరలేదు. బడికి రాకముందే వాళ్ళిద్దరికీ తెలుసు. దానిని గురించి బడిలో మాట్లాడవచ్చునా లేదా అన్నదే వాళ్ళకింకా తెలియదు.

మర్నాడు పొద్దున మా చెల్లెలికి నా తప్పు చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం తరగతిలో నల్లబల్ల మీద 'అస్పృశ్యత ________' అని రాసి, "ఈ పుస్తకంలోని మాట తెలుగు చేసినాయన మన చివరి బెంచీలో ఉన్నారు. తాను పొరబడ్డానంటున్నారు. ఇక్కడ ఏ మాట ఉండాలో మీరు చెప్పండి" అన్నది. నేను లేచి నిలబడవలసి వచ్చింది. పిల్లలకు అచ్చుపుస్తకంలో తప్పుంటుందని తెలియడమే ఒక పండుగ. రద్దు, వద్దన్నారు, ఆపమన్నారు, తగ్గింది, కొంచెం తగ్గింది... ఒక్కొక్క మాటా బల్ల మీదికి వచ్చింది. 'తగ్గింది' అన్నవాణ్ణి మరొకడు, "ఎక్కడ తగ్గిందిరా?" అని నిలదీశాడు. ముందునాడు ప్రశ్న అడిగిన అమ్మాయి, "నేరం అని రాయొచ్చా టీచర్?" అన్నది. రెండవ బెంచీ కుర్రవాడు ఆ రోజూ నోరు విప్పలేదు.

నేను ఊరికి తిరిగివచ్చిన వారానికి మా చెల్లెలు ఫోను చేసింది. ఆ కుర్రవాడి నాయనమ్మ బడికి వచ్చి, ఇంట్లో పెద్దవాళ్ళను నిలదీయమని పిల్లలకు నేర్పుతున్నారా అని గొడవచేసిందట. ప్రధానోపాధ్యాయులు మా చెల్లెలిని పిలిచి, సిలబస్ దాటవద్దని మెత్తగానే చెప్పారట. దాంతో మాకు తెలిసినదేమిటంటే, తరగతిలో పెదవి విప్పని ఆ పిల్లవాడు ఇంటికి వెళ్ళి ఏదో అడిగాడు.

పుస్తకం మలిముద్రణలో ఆ మాట మార్చమని ప్రచురణకర్తలకు ఉత్తరం రాశాను. సవరణలకు గడువు దాటిందని మర్యాదగా జవాబిచ్చారు. వార్షిక పరీక్షకు జిల్లా అంతటికీ ఒకే ప్రశ్నపత్రం. అందులో ఖాళీలు పూరించే భాగంలో ఆ వాక్యమే వచ్చింది. జవాబుల పట్టికలో నా 'నిర్మూలించబడింది' ఉన్నది. ఆ అమ్మాయి 'నేరం' అని రాసింది. మా చెల్లెలు పట్టికను పక్కన పెట్టి మార్కు వేసింది. ఆ కుర్రవాడు మిగతా ఖాళీలన్నీ పూరించి, దానిని మాత్రం వదిలేశాడు. జవాబు తెలియక వదిలాడో, తెలిసి వదిలాడో ఆమెకు బోధపడలేదు. దీనికేమి వేయమంటావని నన్ను అడిగింది. పట్టిక ప్రకారం సున్నా వేయక తప్పదని ఇద్దరికీ తెలుసు.